చేతులు కట్టేసిందెవరు? ఫుజిమోరి స్వయంకుట్రను తేదీలతో సరిచూస్తే

1992 ఏప్రిల్ 5, ఆదివారం రాత్రి పదిన్నర ప్రాంతంలో పెరూ అధ్యక్షుడు ఆల్బెర్టో ఫుజిమోరి టీవీలో కనిపించారు. పార్లమెంటును తాత్కాలికంగా రద్దు చేస్తున్నామని, న్యాయవ్యవస్థను మొత్తంగా పునర్వ్యవస్థీకరిస్తామని, రాజ్యాంగంలో దీనికి అడ్డొచ్చే అధికరణాలు ఇక అమల్లో ఉండవని చెప్పారు. ప్రసంగం ముగిసేలోపే లీమాలో పార్లమెంటు భవనం, న్యాయస్థానాల భవనం సైన్యం చేతుల్లోకి వెళ్లాయి. రెండేళ్ల కిందట ప్రజలు 62 శాతం ఓట్లతో గెలిపించిన మనిషి, తనను గెలిపించిన రాజ్యాంగాన్నే ఆ రాత్రి పక్కన పెట్టేశారు. అధికారంలో ఉన్నవాడే సొంత వ్యవస్థ మీద చేసే ఇలాంటి కుట్రనే స్వయంకుట్ర అంటారు.

ముప్పై ఏళ్లు గడిచినా ఆ రాత్రిని సమర్థించేవాళ్లు పెరూలో తక్కువేమీ కాదు. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: ద్రవ్యోల్బణం దేశాన్ని తినేస్తోంది, షైనింగ్ పాత్ మావోయిస్టులు రాజధాని గుమ్మంలోకి వచ్చేశారు, పార్లమెంటూ కోర్టులూ అధ్యక్షుడి చేతులు కట్టేశాయి, ఆయన కట్లు తెంచుకున్నాడు, ఆరు నెలలు తిరక్కముందే తీవ్రవాద నాయకుడు గుస్మాన్ దొరికాడు, ధరలు దిగొచ్చాయి. పద్ధతి తప్పు కావచ్చు గానీ ఫలితం వచ్చింది కదా అంటారు. ఇతర దేశాల్లోనూ ‘గట్టి నాయకుడు’ కావాలనుకునే ప్రతి చర్చలో ఈ ఉదాహరణ ఏదో రూపంలో తిరిగొస్తూనే ఉంటుంది. ఈ వాదనలో ముందు భాగం నిజం. వెనక భాగాన్ని తేదీలు పక్కన పెట్టుకుని చూస్తే నిలబడదు.

ముందు భాగం ఎందుకు నిజమో చెప్పుకోవాలి. 1990లో పెరూలో ఏడాది ద్రవ్యోల్బణం 7,600 శాతం దాటింది. కరెన్సీ ఎంత చెడిపోయిందంటే 1991లో పది లక్షల ఇంతీలకు ఒక కొత్త సోల్ చొప్పున మార్చాల్సి వచ్చింది. 1980లో అయకూచో కొండప్రాంతంలో సాయుధ పోరు మొదలుపెట్టిన షైనింగ్ పాత్, పదేళ్లలో లీమా చుట్టూ ఉన్న పేదల బస్తీల దాకా పాకింది. 1992 ఫిబ్రవరిలో వీయా ఎల్ సాల్వడార్ బస్తీలో మహిళా నాయకురాలు మారియా ఎలేనా మొయానోను కాల్చి, శవాన్ని డైనమైట్‌తో పేల్చారు. తర్వాతి కాలంలో సత్య నిర్ధారణ కమిషన్ వేసిన అంచనా ప్రకారం 1980–2000 మధ్య మరణాలు 69 వేలకు పైన. కమిషన్ దృష్టికి నేరుగా వచ్చిన మరణాల్లో సగానికి మించి షైనింగ్ పాత్ ఖాతాలోవే. దేశ జనాభాలో దాదాపు సగం అత్యవసర పరిస్థితి కింద బతుకుతున్న రోజులవి. తీవ్రవాద కేసులు విన్న జడ్జీలకు బెదిరింపులు వచ్చేవి, కొందరిని చంపారు కూడా. భయంతోనో, సాక్ష్యం చాలకనో నిందితులు బయటపడటం మామూలైపోయింది. కాబట్టి ఫుజిమోరి సంక్షోభాన్ని కల్పించలేదు. అది ఉంది.

ఆయనకు సభలో బలం లేదన్నదీ నిజమే. 1990లో ప్రఖ్యాత నవలాకారుడు మారియో వర్గాస్ యోసాను రెండో రౌండులో ఓడించినా, ఆయన పార్టీ ‘కాంబియో 90’కి 180 మంది ఉన్న దిగువసభలో 32, 60 మంది ఉన్న సెనేట్‌లో 14 సీట్లే దక్కాయి. మొత్తం 240 మందిలో 46. అధ్యక్షుడికి ప్రజల ఓటు వేరు, సభలో లెక్క వేరు. లాటిన్ అమెరికా అధ్యక్ష వ్యవస్థల్లో ఇది పాత జబ్బు. దానికి మందు బేరసారాలు, పొత్తులు. వాటి మీద ఫుజిమోరికి మొదటినుంచీ ఆసక్తి లేదు.

కట్టేసిన చేతులతో చేసిన పనులు

ఇక పార్లమెంటు ఆయన్ని ఎంతవరకు అడ్డుకుందో చూద్దాం. 1990 ఆగస్టు 8న, పదవిలోకి వచ్చిన పదకొండు రోజులకే, ఆయన ప్రభుత్వం ధరల నియంత్రణలు ఎత్తేసింది. పెట్రోలు ధర ఒక్క రాత్రిలో ముప్పై రెట్లయింది. ఆ ఒక్క నెలలో ధరలు దాదాపు 400 శాతం పెరిగాయి. జనం దీన్ని ‘ఫుజిషాక్’ అన్నారు. ఎన్నికల్లో ఇలాంటి షాక్ వద్దని చెప్పి ఓట్లడిగింది ఆయనే అన్నది వేరే కథ. ఇంత కఠినమైన నిర్ణయం 1979 రాజ్యాంగం కిందే జరిగింది. ఆర్థిక వ్యవహారాల్లో అత్యవసర ఆదేశాలు ఇచ్చే అధికారం అధ్యక్షుడికి అందులో ఉంది. ఏ సభనూ మూయాల్సిన అవసరం పడలేదు.

1991 జూన్‌లో అదే పార్లమెంటు ఇంకో అడుగు ముందుకేసింది. ఉపాధి, పెట్టుబడులు, శాంతిభద్రతల మీద 150 రోజుల పాటు చట్టాలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి అప్పగించింది. ఫుజిమోరి ఆ గడువులో 126 శాసన ఆదేశాలు తెచ్చారు. అందులో పెద్ద భాగం నవంబరులో, గడువు తీరే వేళకు కుప్పగా వచ్చిపడ్డాయి. పార్లమెంటు వాటిలో ఎక్కువ భాగాన్ని ముట్టుకోలేదు. ఆర్థిక సంస్కరణలు దాదాపుగా నిలిచాయి. సైన్యానికీ గూఢచార సంస్థకూ విపరీత అధికారాలిచ్చిన కొన్నింటిని మాత్రం రద్దు చేసింది, సవరించింది. 1992 ఫిబ్రవరిలో అధ్యక్షుడి ఆదేశాలన్నీ సభ సమీక్షకు రావాలని ఒక చట్టం కూడా చేసింది. తానిచ్చిన అధికారాన్ని తానే లెక్క అడగడం సభ పని. దాన్ని ‘అడ్డుకోవడం’ అని పిలవడంలో ఆడలేక మద్దెల ఓడన్న ధోరణి కనిపిస్తుంది.

ఆ 126లో సభ దృష్టికి అంతగా ఆనని ఒక ఆదేశం ఉంది. నా ఉద్దేశంలో ఏప్రిల్ 5కు అసలు తాళంచెవి అదే. సైనికాధికారుల హోదాలకు సంబంధించిన ఆ ఆదేశం ప్రకారం సర్వసైన్యాధిపతిని సీనియారిటీ చూడకుండా అధ్యక్షుడే ఎంచుకోవచ్చు, పదవీ విరమణ వయసు దాటినా కొనసాగించవచ్చు. అది వచ్చిన నెలరోజుల్లో, 1991 డిసెంబరులో, జనరల్ నికొలాస్ హెర్మోసా రియోస్ సైన్యాధిపతి అయ్యారు. అంతకుముందు ఏటా రిటైర్మెంటు వరసలో మారే పదవి అది. ఆయన 1998 ఆగస్టు దాకా కదల్లేదు. ఎవరి పదవీకాలం అధ్యక్షుడి ఇష్టం మీద ఆధారపడి ఉందో, ఆ మనిషి అధ్యక్షుడి మాటకు ఎదురు చెప్పడని వేరే చెప్పాలా? ఈ ఏర్పాటు వెనక ఉన్న బుర్ర వ్లాదిమిరో మోంటెసినోస్. 1970ల్లో సైన్యం నుంచి వెళ్లగొట్టబడిన కెప్టెన్, ఆ తర్వాత మాదకద్రవ్యాల వ్యాపారుల తరఫున వాదించిన లాయరు. 1990 ఎన్నికల్లో ఫుజిమోరి ఆస్తుల మీద వచ్చిన పన్ను గొడవను సర్దిపెట్టి దగ్గరైనవాడు. గూఢచార సంస్థకు కాగితం మీద అధిపతి వేరొకరు, నడిపింది ఈయనే.

కుట్రకు పన్నెండు రోజుల ముందు ఇంకో సంగతి జరిగింది. జపాన్ నుంచి పేదలకు విరాళంగా వచ్చిన దుస్తులను ఫుజిమోరి బంధువులే అమ్ముకుంటున్నారని ఆయన భార్య సుసానా హిగుచి బహిరంగంగా ఆరోపించారు. దీనివల్లే ఏప్రిల్ 5 జరిగిందనడం తప్పు. ఏర్పాట్లు అప్పటికే అయిపోయాయి. విచారణ జరపగల సభ, కోర్టు రెండూ మూతపడటం వల్ల ఎవరికి ఊరట కలిగిందన్నది మాత్రం గుర్తుంచుకోవాల్సిన విషయమే.

ఆ రాత్రి, ఆ వారం

1979 రాజ్యాంగంలో సభను రద్దు చేసే అధికారం అధ్యక్షుడికి అసలు లేకపోలేదు. కానీ దిగువసభ మూడు మంత్రివర్గాలను దించేస్తేనే దాన్ని రద్దు చేయాలి. సెనేట్‌ను ఎప్పుడూ రద్దు చేయకూడదు. 1992లో ఈ షరతులేవీ నెరవేరలేదు. అందుకే ట్యాంకులు కావాల్సి వచ్చాయి.

ఇక్కడ మన 1975తో పోలిక పనికొస్తుంది. ఇందిరా గాంధీకి 1971లో 518 స్థానాల లోక్‌సభలో 352 సీట్లు వచ్చాయి. ‘ఆంతరంగిక కల్లోలం’ పేరుతో అత్యయిక పరిస్థితి పెట్టే దారి 352వ అధికరణంలోనే ఉంది. ఆవిడ సభను మూయలేదు. ప్రతిపక్ష నాయకులు జైల్లో ఉండగా సభే అన్నిటికీ ముద్ర వేసింది, తన ఆయుష్షును కూడా తానే పొడిగించుకుంది. సభలో మెజారిటీ ఉన్న నాయకుడికి రాజ్యాంగమే పనిముట్టు. 240లో 46 మందే ఉన్న నాయకుడికి ఆ సౌకర్యం లేదు కాబట్టి గేటు దగ్గర సైనికుడు కావాలి. బయటివాళ్లకు రెండోదే నియంతృత్వంలా కనిపిస్తుంది. తిరగదోడటం మాత్రం మొదటిదే కష్టం. జనతా ప్రభుత్వం 44వ సవరణతో ‘ఆంతరంగిక కల్లోలం’ తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టడం, మంత్రివర్గం రాతపూర్వక సలహా తప్పనిసరి చేయడం, నెలరోజుల్లో రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఆమోదం కావాలనడం అందుకే.

లీమాలో ఆ రాత్రి జరిగినవి వరసగా చెప్పుకుంటే: సెనేట్, దిగువసభల అధ్యక్షులను ఇళ్లలోనే నిర్బంధించారు. మాజీ అధ్యక్షుడు అలన్ గార్సియా ఇంటిమీదికి సైనికులు వెళ్తే ఆయన తప్పించుకుని, తర్వాత కొలంబియాలో ఆశ్రయం పొందారు. పత్రికలు, రేడియో కేంద్రాల్లో సైనికులు కూర్చున్నారు. రెండు రోజుల పాటు ఏది అచ్చవ్వాలో వాళ్లే చూశారు. మోంటెసినోస్ గతం మీద రాసిన జర్నలిస్టు గుస్తావో గొర్రీతిని తెల్లవారకముందే ఇంట్లోంచి ఎత్తుకెళ్లి సైనిక గూఢచారి విభాగం నేలమాళిగలో పెట్టారు. అంతర్జాతీయంగా గొడవ రేగడంతో ఒక రోజు తర్వాత వదిలారు. ఈ ఒక్క అరెస్టు పదిహేడేళ్ల తర్వాత ఫుజిమోరి మెడకు చుట్టుకుంది. దాని సంగతి తర్వాత.

జడ్జీల విషయంలో చేసిన పని మరింత లోతైనది. సుప్రీంకోర్టులో 13 మంది న్యాయమూర్తులను ఆదేశంతో ఇంటికి పంపారు. కింది కోర్టుల్లో పదుల సంఖ్యలో జడ్జీలు, ప్రాసిక్యూటర్లు పోయారు. తొలగించినవాళ్లు కోర్టుకు వెళ్లకుండా, ఈ తొలగింపుల మీద రాజ్యాంగ హక్కుల పిటిషన్ వేయడం చెల్లదని ఇంకో ఆదేశం ఇచ్చారు. ఖాళీల్లో ‘తాత్కాలిక’ జడ్జీలను నింపారు. 1990ల చివరికి పెరూ జడ్జీల్లో అత్యధికులు తాత్కాలికులే. ఈ పద్ధతిలో ఎవరినీ బెదిరించక్కర్లేదు. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని జడ్జి ఈరోజు తీర్పు ఎలా రాస్తాడో ఊహించుకోవచ్చు.

జనం ఏమన్నారు? ఇదే మింగుడుపడని విషయం. లీమాలో అపోయో సంస్థ సర్వేలో పార్లమెంటు రద్దును 71 శాతం, న్యాయవ్యవస్థ ప్రక్షాళనను 89 శాతం సమర్థించారు. అధ్యక్షుడి ఆదరణ మార్చిలో 53 శాతం ఉన్నది ఏప్రిల్‌లో 81కి ఎగిరింది. పార్లమెంటు సభ్యులు లీమా న్యాయవాదుల సంఘం భవనంలో కూడి, మొదటి ఉపాధ్యక్షుడు మాక్సిమో సాన్ రొమాన్‌తో అధ్యక్షుడిగా ప్రమాణం చేయిస్తే వీధిలో పట్టించుకున్నవాళ్లు కొద్దిమందే. పాత పార్టీల మీద అంత ఏహ్యత పేరుకుపోయింది. దానికి బాధ్యత ఆ పార్టీలదే.

ఫుజిమోరిని కాస్తయినా వంచింది దేశంలోని ప్రతిఘటన కాదు, అప్పులు. అమెరికా విదేశాంగ సహాయమంత్రి బెర్నార్డ్ ఆరొన్సన్ సరిగ్గా ఆ రోజే లీమాలో ఉన్నారు. విషయం విని అధ్యక్షుణ్ని కలవకుండానే వెళ్లిపోయారు. మానవతా సాయం మినహా అమెరికా సాయం ఆగింది. వెనిజువెలా దౌత్య సంబంధాలు తెంచుకుంది. ప్రధానమంత్రి అల్ఫోన్సో డె లొస్ హెరోస్ రాజీనామా చేశారు గానీ, ఆర్థికమంత్రి కార్లోస్ బొలోన్యా ఉండిపోయారు. అప్పులిచ్చే సంస్థలతో తెగిపోయిన లింకును అతికించే పనిలో ఉన్న ఆయనకు బయటి డబ్బు ఆగిపోతే ఏమవుతుందో తెలుసు. అమెరికా ఖండ దేశాల సంస్థ 1991లోనే సాంటియాగోలో ఒక తీర్మానం చేసింది: సభ్యదేశంలో ప్రజాస్వామ్యానికి విఘాతం కలిగితే పది రోజుల్లో సమావేశం కావాలని. దాని కింద ఒత్తిడి రావడంతో మే నెలలో బహమాస్ రాజధాని నసావుకు ఫుజిమోరి స్వయంగా వెళ్లి, కొత్త రాజ్యాంగసభకు ఎన్నికలు పెడతానని మాటిచ్చారు. నవంబరు 22న 80 మంది సభకు ఎన్నిక జరిగింది. రెండు పెద్ద పాత పార్టీలు, ఆప్రా, ఆక్సియోన్ పొపులార్, బహిష్కరించాయి. ఫుజిమోరి పక్షానికి 44 సీట్లొచ్చాయి. రద్దయిన సభకు తిరిగి తలుపు తీయమని ఎవరూ అడగలేదు. ఎన్నిక జరిగితే చాలని సరిపెట్టుకున్నారు. తర్వాత ఈ దారి తొక్కాలనుకున్నవాళ్లందరికీ ఇదొక పాఠమైంది.

గుస్మాన్‌ను పట్టుకున్నదెవరు

ఇప్పుడు ఫలితాల లెక్క. ద్రవ్యోల్బణం 1990లో 7,600 శాతం పైన. 1991లో 139 శాతం. అంటే పతనంలో అతి పెద్ద భాగం కుట్రకు ముందే, రాజ్యాంగం అమల్లో ఉండగానే జరిగిపోయింది. 1992లో 57కి తగ్గింది. అదే దారిలో మిగిలిన నడక.

గుస్మాన్ కథ ఇంకా ఆసక్తికరం. ఆయన్ని పట్టుకున్నది పోలీసుల్లోని ‘గెయిన్’ అనే చిన్న నిఘా బృందం. బెనెడిక్టో హిమేనెస్ అనే అధికారి 1990 మార్చిలో, గుప్పెడుమందితో దీన్ని మొదలుపెట్టారు. అప్పటికి ఫుజిమోరి ఇంకా అధ్యక్షుడు కాలేదు. వీళ్ల పద్ధతి కొట్టడం, చంపడం కాదు. అనుమానితుడిని అరెస్టు చేయకుండా నెలల తరబడి వెంటాడి అతను ఎవర్ని కలుస్తున్నాడో రాసుకోవడం. 1990 జూన్‌లో ఒక ఇంట్లో పార్టీ కాగితాలు చిక్కాయి. 1991 జనవరిలో మరో ఇంట్లో గుస్మాన్ తన కేంద్ర కమిటీతో కలిసి నాట్యమాడుతున్న వీడియో దొరికింది. ఆయన బతికే ఉన్నాడా లేదా అన్న సందేహం దాంతో తీరింది. చివరికి లీమాలోని సుర్కీయో ప్రాంతంలో, ఒక యువతి కింది అంతస్తులో డ్యాన్సు నేర్పే ఇంటి మీద కన్నేశారు. ఆ ఇంటి చెత్త సంచులు వెతికారు. అందులో ఆ ఇంట్లో ఉండేవాళ్లకు మించిన తిండి మిగుళ్లు, వింస్టన్ సిగరెట్ పీకలు, సోరియాసిస్‌కు వాడే మందు ఖాళీ ట్యూబులు ఉన్నాయి. గుస్మాన్‌కు సోరియాసిస్ ఉందని వాళ్లకు ముందే తెలుసు. 1992 సెప్టెంబరు 12 రాత్రి తలుపు తోసుకుని వెళ్లారు. ఒక్క ప్రాణం పోలేదు.

ఈ పనికి ఏప్రిల్ 5 ఇచ్చిన అధికారాల్లో ఏది పనికొచ్చింది? ఏదీ లేదు. చెత్త సంచి వెతకడానికి పార్లమెంటును మూయనక్కర్లేదు. ఆ రాత్రి అధ్యక్షుడు అమెజాన్ ప్రాంతంలోని ఇకీటోస్‌లో చేపలు పడుతున్నారు; వార్త ఆయనకు తర్వాత చేరింది. అయినా పేరు ఎవరికొచ్చిందో తెలిసిందే. గుస్మాన్‌కు చారల దుస్తులు తొడిగి, బోనులో పెట్టి ప్రపంచ విలేకరుల ముందు చూపించిన ప్రదర్శనతో ఘనత చేతులు మారింది. నక్సల్ ఉద్యమాన్ని దశాబ్దాల పాటు దగ్గర్నుంచి చూసిన తెలుగు పాఠకులకు ఈ తేడా తేలిగ్గానే అర్థమవుతుంది: ఓపికగా సమాచారం సేకరించే పోలీసు పని వేరు, ప్రత్యేక అధికారాల చట్టం వేరు.

కుట్ర తర్వాత నిజంగా కొత్తగా వచ్చినవి రెండు. ఒకటి, హత్యలకు రక్షణ. సైనిక గూఢచారి విభాగంలోని ‘కొలీనా’ బృందం 1991 నవంబరులో బర్రియోస్ ఆల్తోస్‌లో ఒక విందులోకి చొరబడి 15 మందిని చంపింది. ఎనిమిదేళ్ల పిల్లవాడు వారిలో ఒకడు. దానిపై విచారణ జరపబోయిన పార్లమెంటు సంఘం సభతోపాటే పోయింది. 1992 జులై 16న లీమాలోని తరాతా వీధిలో షైనింగ్ పాత్ కారు బాంబు 25 మందిని బలిగొంది. కుట్ర జరిగి మూడు నెలలు దాటాక కూడా రాజధాని నడిబొడ్డుకు రక్షణ లేదు. రెండు రోజులకే కొలీనా బృందం లా కంతూతా విశ్వవిద్యాలయం నుంచి తొమ్మిది మంది విద్యార్థులను, ఒక అధ్యాపకుణ్ని తీసుకెళ్లి చంపింది. 1995 జూన్‌లో ఈ హంతకులందరికీ క్షమాభిక్ష చట్టం వచ్చింది.

రెండోది ‘ముఖం లేని జడ్జీలు’. 1992 మే నుంచి తీవ్రవాద కేసుల్లో జడ్జీలు ఒకవైపు మాత్రమే కనిపించే అద్దం వెనక కూర్చునేవారు. గొంతు గుర్తుపట్టకుండా యంత్రంతో మార్చేవారు. తీర్పు కింద సంతకం బదులు ఒక సంకేత సంఖ్య. విచారణలో పాల్గొన్న పోలీసులను, సైనికులను సాక్షులుగా పిలిచి ప్రశ్నించడానికి వీల్లేదు. ఒక లాయరు దేశం మొత్తం మీద ఒకేసారి ఒక్క తీవ్రవాద నిందితుడికే వాదించాలి. ‘దేశద్రోహం’ అని పేరు పెడితే కేసు సైనిక కోర్టుకు వెళ్లేది, అక్కడ రోజుల్లో తేలిపోయేది. మన టాడా కూడా పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలును సాక్ష్యంగా తీసుకున్న దుర్మార్గపు చట్టమే. కనీసం జడ్జి ఎవరో నిందితుడికి తెలిసేది. బెదిరింపుల నుంచి జడ్జీలను కాపాడాలన్న అవసరం నిజమైనదే. అయితే జడ్జిని దాచినప్పుడు ఆ జడ్జికి చట్టం తెలుసా, నిష్పాక్షికుడేనా అని అడిగే హక్కు కూడా దాక్కుంటుంది. సైనిక కోర్టుల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది లాయర్లు కూడా కాదు.

ఈ తొందర న్యాయం ఎంతకాలం నిలిచింది? అమాయకులు జైళ్లలో ఉన్నారని ఫుజిమోరి ప్రభుత్వమే 1996లో ఒక కమిషన్ వేసి, దాదాపు 500 మందిని ‘క్షమించి’ వదలాల్సి వచ్చింది. చేయని నేరానికి క్షమాభిక్ష! 1997లో ముఖం లేని కోర్టులు ముగిశాయి. 1999లో అమెరికా ఖండ మానవ హక్కుల న్యాయస్థానం అలాంటి ఒక తీర్పు చెల్లదంటే, ఫుజిమోరి ఆ న్యాయస్థానం పరిధి నుంచే బయటికి వస్తున్నామన్నారు. 2003 జనవరిలో పెరూ రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఆదేశాల్లో కీలక భాగాలు కొట్టేసింది. దాంతో గుస్మాన్‌కే తిరిగి విచారణ జరపాల్సి వచ్చింది. 2004లో మొదలైన మొదటి ప్రయత్నం కుప్పకూలింది. సరైన పద్ధతిలో యావజ్జీవం ఖరారైంది 2006 అక్టోబరులో. 1992లో మామూలు కోర్టులో, రక్షణ కల్పించిన జడ్జిల ముందు నడిపి ఉంటే అప్పుడే ముగిసిపోయే కేసు పద్నాలుగేళ్లు సాగింది.

ధరల పట్టిక

అధికారానికి అడ్డు లేకపోతే దానితో ఏం కొన్నారన్నది మోంటెసినోస్ స్వయంగా తీయించుకున్న వీడియోల్లో ఉంది. 1993 రాజ్యాంగాన్ని రిఫరెండంలో 52 శాతం మాత్రమే ఆమోదించారు. 81 శాతం ఆదరణ ఏడాదిన్నరలో అక్కడికి దిగింది. అయినా 1995లో ఫుజిమోరి 64 శాతంతో గెలిచారు, ఆ గెలుపు మీద పెద్ద వివాదం లేదు. గొడవ ఆ తర్వాత మొదలైంది. కొత్త రాజ్యాంగం ఒక్కసారే తిరిగి ఎన్నికవ్వాలంది. 1996లో సభ ఒక ‘వివరణ’ చట్టం చేసి, 1990 గెలుపు పాత రాజ్యాంగం కిందిది కాబట్టి లెక్కలోకి రాదంది. అది ఫుజిమోరికి వర్తించదని చెప్పిన ముగ్గురు రాజ్యాంగ న్యాయమూర్తులను 1997 మేలో సభే తొలగించింది. రిఫరెండం కోరుతూ పోగైన పద్నాలుగు లక్షల సంతకాలను 1998లో పక్కన పడేసింది.

డబ్బు లెక్క ఇంకా చాలా చెబుతుంది. ఒక ప్రతిపక్ష సభ్యుణ్ని తిప్పుకోవడానికి నెలకు ఐదు నుంచి ఇరవై వేల డాలర్లు చాలేవి. జడ్జీల ధర కూడా ఆ దరిదాపుల్లోనే. ఒక పెద్ద టీవీ చానల్‌కు మాత్రం నెలకు పదిహేను లక్షల డాలర్లు ఇచ్చారు, రసీదులతో సహా. వందమంది జడ్జీల ధర ఒక్క చానల్ ధర ముందు ఎందుకు తక్కువ? జడ్జి స్థానంలో ఇంకో జడ్జి దొరుకుతాడు. అయితే అమ్ముడుపోని చానల్ ఒక్కటి మిగిలినా కొన్నవన్నీ వృథా. సరిగ్గా అదే జరిగింది. 2000 సెప్టెంబరు 14న కేబుల్ మీద వచ్చే చిన్న చానల్ ఒకటి, మోంటెసినోస్ ఒక ప్రతిపక్ష సభ్యుడికి 15 వేల డాలర్లు లెక్కపెట్టి ఇస్తున్న వీడియో ప్రసారం చేసింది. రెండు నెలలకు ఫుజిమోరి టోక్యో నుంచి ఫ్యాక్సులో రాజీనామా పంపారు. సభ దాన్ని ఆమోదించకుండా, ‘శాశ్వత నైతిక అసమర్థత’ కింద తొలగించింది.

2007లో చిలీ ఆయన్ని అప్పగించింది. 2009 ఏప్రిల్ 7న 25 ఏళ్ల శిక్ష పడింది. బర్రియోస్ ఆల్తోస్, లా కంతూతా హత్యలతో పాటు ఆ తీర్పులో ఉన్న ఇంకో నేరం గొర్రీతి అపహరణ. సభను మూసినందుకు కాకుండా ఆ రాత్రి ఒక మనిషిని ఎత్తుకెళ్లినందుకు శిక్ష పడటం వింతగా తోస్తుంది. ప్రాసిక్యూషన్ కోణంలో చూస్తే వింతేమీ లేదు: అపహరణకు బాధితుడు ఉన్నాడు, నేలమాళిగ ఉంది, తేదీ ఉంది.

అదే ప్రసంగం, మరో ముగింపు

2022 డిసెంబరు 7న మరో ఎన్నికైన అధ్యక్షుడు పెడ్రో కాస్టిల్లో దాదాపు అవే మాటలు చదివారు: సభ రద్దు, న్యాయవ్యవస్థ పునర్వ్యవస్థీకరణ, రాత్రి పది నుంచి తెల్లవారు నాలుగు దాకా కర్ఫ్యూ. రెండు గంటల్లో పదవి పోయింది. తేడా మాటల్లో లేదు. ఫుజిమోరి ఆదివారం రాత్రి మాట్లాడారు, సభ ఖాళీ, గేటు దగ్గర సైన్యం. కాస్టిల్లో బుధవారం మధ్యాహ్నానికి ముందు మాట్లాడారు; తనపై మూడో అభిశంసన తీర్మానం కోసం సభ్యులంతా ఆ రోజు మధ్యాహ్నమే సమావేశం కావాల్సి ఉంది. భవనం తెరిచే ఉంది. 1992లో సైన్యాధిపతిని నాలుగు నెలల ముందే కుదుర్చుకున్నారు. 2022లో సైన్యాధిపతి ఆ ఉదయమే పదవి వదిలేశారు, సైన్యం, పోలీసులు కలిసి ఈ ఆదేశాన్ని పాటించబోమని ప్రకటించారు. మంత్రులు నిమిషాల్లో రాజీనామాలు పంపారు. ఆదరణ ముప్పై శాతం దగ్గర ఉంది. తొలగించాలంటే 130 మందిలో 87 ఓట్లు కావాలి. ఉదయం దాకా ఆ సంఖ్య ఖాయమని ఎవరూ అనుకోలేదు. ప్రసంగం అయ్యాక 101 వచ్చాయి. మెక్సికో రాయబార కార్యాలయం వైపు వెళ్తున్న అధ్యక్షుణ్ని సొంత భద్రతా సిబ్బందే పోలీసులకు అప్పగించారు.

దీన్ని చూసి పెరూ సంస్థలు బలపడ్డాయని మురిసినవాళ్లున్నారు. నాకు అంత నమ్మకం లేదు. కాస్టిల్లో తొలగింపుపై తర్వాత లేచిన నిరసనల్లో సుమారు యాభై మంది పౌరులు చనిపోయారు, ఎక్కువమంది దక్షిణ కొండప్రాంత జిల్లాల వాళ్లే. పాత తాళాన్ని ఇప్పుడు సభ తిప్పుతోంది. మంత్రివర్గాలకు విశ్వాసం నిరాకరిస్తే అధ్యక్షుడు సభను రద్దు చేయగల అధికారాన్ని 2019లో మార్టిన్ విస్కార్రా వాడుకున్నారు. 2021లో సభ చట్టం చేసి ఆ దారిని ఇరుకు చేసుకుంది. మరోవైపు తన చేతిలో ఉన్న ఆయుధాన్ని అలాగే ఉంచుకుంది: 2020లో విస్కార్రా, 2022లో కాస్టిల్లో, 2025 అక్టోబరులో డీనా బొలువార్తె, ముగ్గురూ ఆ ‘నైతిక అసమర్థత’ కిందే పోయారు. పందొమ్మిదో శతాబ్దపు రాజ్యాంగాల నుంచి వస్తున్న ఆ మాటకు 1993 రాజ్యాంగం 113వ అధికరణంలో నిర్వచనం ఇవ్వలేదు. ఏది నైతిక అసమర్థతో ఆ రోజు సభలో ఉన్న 87 మంది నిర్ణయిస్తూ వచ్చారు.